దొర లారీ కడిగాను, అన్నా

అన్నా,

గురువారం తమ్ముడు నువ్వు తోలిన లారీ ఎక్కుతున్నాడు. అందుకే, నువ్వు చదవలేవని తెలిసీ ఇప్పుడు రాస్తున్నాను.

గత్తర, అదే కలరా, తగిలి, వాంతులతో, హయత్‌నగర్ దారిలో నువ్వు స్టీరింగు మీదే వాలి ప్రాణం విడిచావు. అప్పటి నుంచి ఆ క్యాబిన్‌లో కూర్చోవడానికి ఇబ్రహీంపట్నంలో ఎవరూ ఒప్పుకోలేదు. నీ గాలి సోకుతుందని వాళ్ల భయం. గాలీ లేదు, దయ్యమూ లేదు, ఉన్నవి కంటికి కనబడని పురుగులేనని, బడిలో నేర్చుకున్నది దొరకు చెప్పాను.

"గట్లనా? అయితే నువ్వే కడుగు," అన్నాడు.

సీటు మెత్త చింపి కాల్చేశాను. మరిగిన నీళ్లు, ఫినాయిలు పోసి రేకులన్నీ రుద్దాను. అమ్మ వేపమండ కట్టబోతే వద్దన్నాను. సాయంత్రం దొర వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దూరంగానే నిలబడ్డాడు.

"పురుగులన్నీ సచ్చినయా, పంతులమ్మా?"

"సచ్చినయ్ దొరా."

"మంచిది. ఇగ నీ తమ్ముడే తోల్తడు. ఆడు బతికితే నీ సదువు నిజం."

జీతగాళ్లు నవ్వారు. లారీ దొరికిందని తమ్ముడూ నవ్వాడు.

సీటు కింద కడిగాను, తలుపు సందులు కడిగాను. చివరి గంటలో నీ చేయి ఇంకెక్కడ తగిలిందన్నా? నేను కడగని చోటు ఉంటే బుధవారంలోగా చెప్పు.