పాలేరు ఇల్లు

1956 ఆగస్టు 20, సోమవారం
మా ఆయన రూబెన్‌ను మట్టిచేసి వచ్చాం. ఊరంతా వచ్చింది. బల్ల మీద వాళ్ళు తెచ్చిన కేకులు పెట్టడానికి చోటు లేదు. ఎవరూ ఏడవలేదు. వానల గురించి మాట్లాడారు. నేనూ మాట్లాడాను.

ఆగస్టు 24
హాలెట్ దొర వచ్చాడు. టోపీ తీసి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రూబెన్ లాంటి పాలేరు మళ్ళీ దొరకడమ్మా అన్నాడు. వేరేవాణ్ణి కుదుర్చుకున్నాను, వచ్చే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి అన్నాడు. పనితో వచ్చిన ఇల్లు, పనితోనే పోతుంది. తెలియంది కాదు.

సెప్టెంబర్ 1
పూల పోటీ. నా డాలియాలకు మొదటి బహుమతి. దొరగారి భార్యే ఇచ్చింది. వచ్చే ఏడు కూడా మీదే చూడండి మిసెస్ టక్ అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే గుర్తులేదు.

సెప్టెంబర్ 9
డాలీ ఇంట్లో పై గది ఖాళీగా ఉంది. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. సిగ్గు విడిచి అడిగాను. చిక్కుడుకాయలు తరుగుతూ తలెత్తలేదు. మా ఆయనా దొర దగ్గరేగా విన్నీ, నిన్ను పెట్టుకుంటే దొరకి ఎదురెళ్ళినట్టే, రేపు మమ్మల్నీ పొమ్మంటే ఎక్కడికే పోయేది అంది. వెళ్ళేటప్పుడు కేకు ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. దారిలో కుక్కకు పడేశాను.

సెప్టెంబర్ 10
పాస్టరుగారు నాకోసం ప్రార్థిస్తానన్నారు. చర్చి పక్కన అంత పెద్ద ఇంట్లో ఆయనొక్కరే ఉంటారు.

సెప్టెంబర్ 22
కొత్త పాలేరు భార్య ఇల్లు చూడ్డానికి వచ్చింది. నాలుగు తిట్టి పంపుదామని తలుపు తీశాను. నెలలు నిండిన మనిషి. పేరు ఐవీ. పాత యజమాని పొలం అమ్మేసి వాళ్ళను వెళ్ళగొట్టాడట. అత్తగారి వంటింట్లో పడుకుంటున్నారట. ఇక్కడ మీరున్నారని మా ఆయన చెప్పలేదండీ అంటూ ఏడ్చింది. రూబెన్ పోయాక నా ముందు ఏడ్చిన మొదటి మనిషి. నేనూ ఏడ్చాను.

తర్వాత పొయ్యి చూపించాను. తూర్పుగాలికి పొగ కమ్ముతుంది, వెనక తలుపు ఓరగా తీసిపెట్టు అన్నాను. బిడ్డను మాత్రం వెనక గదిలో పడుకోబెట్టకు, చెమ్మ అన్నాను. అంత చెమ్మా అని అడిగింది. మా వాణ్ణి అక్కడే పడుకోబెట్టాం, దక్కలేదు అన్నాను.

సెప్టెంబర్ 29
సామాన్లకి దొర తన లారీ ఇచ్చాడు. ఎంత మంచివాడో అనుకున్నారు ఊళ్ళో. గుమ్మాల్లో నిలబడి చేతులూపారు. డాలీ కిటికీ తెర వెనకనుంచి ఊపింది.

అక్టోబర్ 3, రెడింగ్
చెల్లెలు మేబెల్‌ది ఒకటే మంచం. తెల్లవారకముందే, రూబెన్‌ని లేపినట్టే తన భుజం పట్టి కుదిపి, లే, ఆవులు అరుస్తున్నాయి అన్నాను.
ఈ పట్నంలో ఆవులెక్కడివి. అయినా మేబెల్ లేచి బూట్లు తొడుక్కుంది.