పెరూ కొండలు, శాంతమ్మ చేను
బీదరు, 1968 జూన్, గురువారం రాత్రి

ఈ మధ్యాహ్నం చెల్లెలి ఊరు మంగళగిలో, పంచాయతీ గదిలో వ్యవసాయాధికారి పటాలు తగిలించి ఉపన్యాసం దంచాడు. పెరూలో, ఫిలిప్పీన్స్‌లో మట్టి జారిపోకుండా కొండల్ని మెట్లుమెట్లుగా చెక్కి, రాతికట్టలు వేసి పండిస్తారట. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఊరి పటేలే. సిగ్గు లేని మనిషి. మా చెల్లెలు శాంతమ్మ చేను వాలు మీద ఉంది. వానకు కొట్టుకుపోయే మట్టంతా కిందనున్న అతని చేలోకే చేరుతుంది. వచ్చిన మట్టి కిందివాడిదేనని ఊరి కట్టుబాటు. దోపిడీకి ఎంత మర్యాదైన పేరు!

లేచి అడిగాను: "శాంతమ్మ చేన్ల రాతికట్ట ఎయ్యనిస్తవా, పటేలా?"

"కట్ట ఏస్తే పై నీళ్లు ఆగి నా జొన్న ఎండుతది గద, సారూ. గా దేశాలల్ల పటేళ్లు లేరేమో" అన్నాడు. జనం నవ్వారు. అధికారీ నవ్వాడు, భోజనం పటేలింట్లోనే మరి. శాంతమ్మ మొగుడు దేవదాసు కూడా నవ్వాడు. అదే నన్ను మండించింది.

బయట నిలదీస్తే, "నువ్వు మాట్లాడి బస్సెక్కుతవ్, బావా. రేపు దున్నెతందుకు ఎడ్లు నేను ఆయన్నే అడగాలె" అన్నాడు. బానిస బుద్ధి అని తిట్టి బస్సెక్కాను.

ఇక్కడ వాన మొదలైంది. అక్కడా పడుతుంటే, శాంతమ్మ మట్టి ఈపాటికి దిగిపోతూ ఉంటుంది. దేవదాసుకు చెప్పాల్సిన వాదనలు చాలా ఉన్నాయి. అతనికివ్వడానికి ఎడ్లు మాత్రం లేవు...