నాలుగు గోలీలలో రెండు

జోగిపేట
సోమవారం, 6 డిసెంబరు 2004

తమ్ముడు కిష్టప్పకు పెద్దక్క మొగులమ్మ దీవెనలు.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమమని రాయడం మన ఆనవాయితీ. ఈసారి ఆ మాట రాయలేను. చెల్లె ముత్యమ్మకు తెల్లకణాలు మళ్లీ పెరిగాయి. ఎడమ డొక్కలో బరువుగా ఉందంటోంది. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది.

నీ ఉత్తరం మీ కంపెనీ జీపు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. నీ కొడుకు పుట్టువెంట్రుకలకు ఎందుకు రాలేదని అడిగావు. ఎట్లా వస్తాం? ముత్యమ్మ మొగుడు మల్లయ్య తెల్లకణాలు పెరిగాయని చెప్పడానికి ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేస్తే, “గోలీలు పటాన్‌చెరుల అమ్ముకుంటున్నవు, దొంగ నాకొడుకా” అన్నావు. గోలీలు వేసేది నేనే అయినా, నెలనెలా మీ కంపెనీ నుంచి మందు డబ్బా తెచ్చేది అతనే. ఆ రోజు నుంచి దాన్ని ముట్టడు. “నువ్వే తెచ్చుకో వదినె. నా చేతులు గలీజట గద” అంటాడు.

ఇంకొకటి కూడా అడిగావు. రోజుకు నాలుగు గోలీలు ఒక్కనాడూ తప్పకుండా వేశానని కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమన్నావు. అప్పుడు పాత మందు ఓడిపోయిందని తేలుతుందనీ, మీరు చేసిన కొత్త మందు పరీక్షలో ముత్యమ్మ పేరు చేరుతుందనీ రాశావు.

సంతకం పెట్టడం లేదు.

ఈ నెత్తుటి క్యాన్సరు సంగతి నువ్వు నాకు సరిగ్గా చెప్పలేదని అనను. రెండేళ్ల కింద ఈ అరుగు మీదనే కూర్చుని చెప్పావు.

“అక్కా, మన బోరు స్టార్టరు అతుక్కపోతే ఏమైతది? మోటరు ఆగది. చెల్లె నెత్తుట్ల గూడ గంతే. ‘పెరుగు, పెరుగు’ అని కణానికి కబురు చెప్పే ఎంజైమొకటి అతుక్కపోయింది. ఈ గోలీ పోయి దాని సందుల కూసుంటది. కబురు బంద్.”

“ఎన్నొద్దులు?”

“కూసున్నంత సేపే. లేస్తే మళ్ల షురూ. అది వేషం మార్చిందనుకో, ఈ గోలీ ఆ సందుల వట్టది. అందుకే ఇంకోటి చేస్తున్నం.”

నాకు అర్థమైంది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే దానికి తెలియక చేశాననే సాకు కూడా నాకు లేదు.

సోమయ్య గుర్తున్నాడా? మన వీధి చివర ఉంటాడు, ఆగమ్మ పెనిమిటి. మీ ప్లాంటులో కాంట్రాక్టు కింద మందు వండే రియాక్టర్లు కడిగి, పొడి సంచులకెత్తేవాడు. ముత్యమ్మ జబ్బే అతనికీ వచ్చింది. మీ గేటు దగ్గర చేతులు జోడించి, “సార్, ఆ పొడి సంచులకెత్తిన చేతులే ఇవి” అన్నాడట. నువ్వు వాచీ చూసుకుని, “కంపెనోళ్ల ఇండ్లకే ఇస్తం. నువ్వు కాంట్రాక్టోనివి. లిస్టుల లేవు” అన్నావట. ఆగమ్మ బాయికాడ నన్ను నలుగురిలో నిలదీసింది. “మీ తమ్ముని మందుకు మా ఆయన రెక్కలు పనికొచ్చినయి, పానం పనికి రాలే” అంది. ఖాళీ బిందెతోనే ఇంటికొచ్చాను.

మరునాడు పూజ చేసి లేచేసరికి సోమయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు. నైవేద్యం గిన్నె పక్కనే మందు డబ్బా. గుమ్మంలో మనిషి ఉండగా ఇంట్లోవాళ్లమే తినడం మనకు అమ్మ నేర్పలేదు. పండును పంచినట్టే పంచాను. ముత్యమ్మకు రెండు, అతనికి రెండు. డాక్టరమ్మ తగ్గించిందని ముత్యమ్మకు అబద్ధం చెప్పాను. పదమూడు నెలలు అట్లాగే నడిచింది. దేవుడి ముందే పంచాను కాబట్టి తప్పు కాదనుకున్నాను.

దొంగ మల్లయ్య కాదు, నేను. నువ్వు అతన్ని తిట్టి నెల దాటింది. ఇంతకాలం నోరు మూసుకున్నాను. ఈ పాపం మొదటిదాని కంటే పెద్దది.

మొన్న శుక్రవారం పట్నం పోయి డాక్టరమ్మకు అంతా చెప్పాను. ముత్యమ్మా మల్లయ్యా పక్కనే ఉన్నారు. ఆమె కలం బల్ల మీద పెట్టేసింది. “సగం మందు వేసి మందు పనిచేయలేదని నన్ను రాయమంటారా? ముందు నాలుగూ వేయండి. మూడు నెలల తర్వాత చూస్తాను. ఎంజైము మారిందో లేదో రక్తం పంపి తెలుసుకుంటాను. మారితే అప్పుడు కొత్తది” అంది. నేను నీ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ముత్యమ్మకు అందాల్సిన మందు అందేది కాదు. నీ పరీక్ష కూడా అబద్ధం మీద నిలబడేది.

బస్టాండులో మల్లయ్య అడిగాడు. “నన్ను దొంగ అనవట్టె. నువ్వు సూసుకుంట ఊకున్నవా వదినె?”

బస్సు సంగారెడ్డి దాటాక ముత్యమ్మ అంది.

“నన్నడిగితే నేనే ఇయ్యకపోదునా అక్కా? నా పానం పంచేటప్పుడు నన్నొక్క మాట అడగవా?”

ఆమెను నేనూ అడగలేదు, నువ్వూ అడగలేదు. ఆ మాట ముందు నా పూజలు పనికి రాలేదు.

శనివారం పొద్దున నాలుగూ ఆమె అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా కూర్చున్నాను. సోమయ్య వేళకే వచ్చాడు. ఇక లేవని చెప్పాను. “పదమూడు నెలలు బతికించినవమ్మా” అన్నాడు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

ముత్యమ్మకు గోలీలు ఇప్పిస్తున్నందుకు నీకు దండం పెట్టాను. ఇక పెట్టను. ఒక ఎంజైము నోరు మూయడానికి పదేళ్లు చదివావు. ఒక కూలివాడి నోరు అరనిమిషంలో మూశావు. లిస్టు రాసే నలుగురిలో నువ్వొకడివి. మల్లయ్యకు క్షమాపణ మన గుమ్మంలోకి వచ్చి చెప్పు. ఫోనులో వద్దు.

ఈ ఉత్తరం జీపు డ్రైవరుకు ఇవ్వలేదు. నీ చేతికి ఇచ్చిన మనిషి సోమయ్యే. నువ్వు చివరి అక్షరం చదివేదాకా అక్కడే నిలబడమన్నాను. నాకు జవాబు రాయకు. తలెత్తి అతనికి చెప్పు.

ఇట్లు,
నీకు నడక నేర్పిన
పెద్దక్క మొగులమ్మ