ముహూర్తం గడియారం

ముమ్మిడివరం,
14-11-1979.

అమలాపురం లేబరు ఆఫీసరు దొరగారి సముఖమునకు, ముమ్మిడివరం ఏటిగట్టు మీది కొబ్బరి పీచు కంపెనీ గేటు కావలి గుబ్బల కనకరాజు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కంపెనీ పెద్ద గడియారము ముల్లు ముందుకు జరిపించి, ఏటి అవతలి లంక ఆడకూలీలను ఆఖరి పడవకు వదిలించుట గురించి.

నేను రెండో తరగతితో బడి మానిన వాడను. అక్షరములు వంకరగా ఉండును. సంగతి వంకర లేదు.

1. మా కంపెనీలో షెడ్డుకొక గడియారము. ఏ రెండిటికీ పొత్తు కుదరదు. అందుచేత అన్నిటికీ పెద్దగా ఒకటి కొని, మిగతావి దానిని చూసి దిద్దుకోవలెనని యాజమాన్యము వారు తీర్మానించిరి. మంచి తీర్మానమే. నేను కాదనలేదు.

2. ఏది కొనవలెనన్నది నెల్లాళ్ళు తెగలేదు. మేనేజరు వెంకటరమణ గారు కరెంటుది అన్నారు. "కరెంటు పోతే కంపెనీకి టైమే ఉండదేంటండీ?" అన్నారు యజమాని గారు. చివరకు కాకినాడ నుండి కీ ఇచ్చే గోడ గడియారము దింపిరి. సరుకు మంచిదే. ఇప్పటికీ నిమిషము అటూ ఇటూ కాదు. అదే మా ఖర్మ.

3. దాని ప్రారంభోత్సవమునకు సిద్ధాంతి గౌరీశంకరం గారు తొమ్మిది గంటలకు ముహూర్తము పెట్టిరి. యజమాని గారి కారు ఇసుకలో దిగబడి, వారు వచ్చేసరికి పది అయినది. అందరూ మొహాలు వేలవేసినారు. సిద్ధాంతి గారు మాత్రం, "కంగారు పడకండి. ఈ గడియారం ఇంకా నడవలేదు కదండీ. దాని లెక్కలో ముహూర్తం ఎక్కడ దాటింది? ముల్లు తొమ్మిది మీద పెట్టి వదిలెయ్యండి" అన్నారు.

"ఆయ్, అలాగే కానివ్వండి" అన్నారు యజమాని గారు.

వదిలిరి. అందరూ చప్పట్లు కొట్టిరి. ఆ ఉత్సవానికి విచ్చేసిన తమరూ కొట్టేరు. తమ చేతి గడియారము ఒకసారి చూసుకుని, నవ్వి, మరీ కొట్టేరు. తమకు గొడుగు పట్టినవాడను నేనే గనక చూశాను.

4. ఆనాటి నుండి షెడ్లన్నీ దానినే చూసి దిద్దుకొనుచున్నవి. ఇప్పుడు కంపెనీలో తగువు లేదు. అందరికీ ఒకటే టైము. ఊరికి గంట వెనక. ముల్లు తిప్పండయ్యా అంటే, ఆ మర్నాడే బొంబాయి ఆర్డరు వచ్చినదట, ముట్టుకుంటే ముహూర్తము చెడునట. అద్దానికి తాళము వేసిరి. కీ ఇచ్చుటకు యజమాని గారే స్నానము చేసి వచ్చెదరు.

5. పొద్దున్న పని గంట ఆలస్యముగానే మొదలవుతోంది కదా అని మేనేజరు గారి వాదన. పొద్దున్న మిగిలిన గంట సాయంత్రము పడవకు పనికిరాదు. ఎండల్లో ఎలాగో గడిచినది. కార్తీకంలో పొద్దు కురచ. చీకటి పడ్డాక ఏరు దాటరాదని సర్కారు ఆర్డరు, పడవవాడు ఆగడు. కంపెనీ గంట కొట్టనిదే గేటు తీయరాదని నాకు ఆర్డరు. పరుగెత్తి పడవ అందుకున్నవారు ఇంటికి పోతున్నారు. అందనివారు పీచు గుట్టల మీద పడుకొనుచున్నారు.

6. మొన్న సాయంత్రము వీరలక్ష్మి అను కూలి గేటు ఊచలు పట్టుకున్నది. పాలు తాగే బిడ్డను లంకలో తల్లి దగ్గర వదిలి పనికి వచ్చు మనిషి.

"తాతా, పడవోడు శంఖం ఊదేసేడు. గేటు తియ్యి."

"గంట కొట్టలేదే పిల్లా."

"కొట్టేది నువ్వే కదా తాతా!"

కొట్టేది నేనే. తాళము వేసేది నేనే. గడియారము వైపు చూస్తూ నిలబడ్డాను. పడవ పోయినది. ఆ పిల్ల రొమ్ములు సలిపి, గోడవైపు తిరిగి పాలు పీచు మీద పిండుకున్నది. నేను మొహము తిప్పుకున్నాను. అవతల బిడ్డకు గంజినీళ్ళు పట్టిరట. విరేచనములు పట్టుకున్నవి. తగ్గలేదు. అయినా ఆ పిల్ల ఇవాళా పనికి వచ్చినది, మానితే తీసివేయుదురు గనక.

7. గేటు తీస్తే నా ఉద్యోగము పోవును. తీయకపోతే ఆ బిడ్డ పోవును. లోపలివారిని ఎప్పుడో ఒకప్పుడు నేను వదులుతాను. నన్ను వదిలేవాడు ఎవడు?

కావున తమరు స్వయముగా వచ్చి ముల్లు జరిపించవలెను. కావాలంటే ఇంకొక ముహూర్తము పెట్టించుకోండి. ఈసారి యజమాని గారిని వేళకు రమ్మనండి. నేను ఎవరి దయా అడుగుట లేదు. సరైన టైము అడుగుచున్నాను. ఇది చిత్తగించుటయే కాక, లేచి బయలుదేరవలెను.

తమ విధేయుడు,
గుబ్బల కనకరాజు

మరొక మనవి: అర్జీ నేనే పట్టుకొచ్చాను. తమరు క్యాంపుకు వెళ్ళేరని, ఎప్పుడొస్తారో తెలియదని బంట్రోతు చెప్పేడు. బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు. ఫ్యాను గాలికి కాగితం నిలవడం లేదు గనక, కంపెనీ గేటు తాళం, చెవితో సహా దీని మీద పెట్టి పోతున్నాను. రేపటికి వాళ్ళు కొత్తది కొనుక్కుంటారు, కొత్తవాణ్ణీ పెట్టుకుంటారు. కొనుక్కోనీండి. ఇవాళ సాయంత్రం మటుకు శంఖం ఊదగానే వీరలక్ష్మి పరుగెత్తకుండా నడిచి వెళ్ళి పడవెక్కుతుంది.