కప్పల కాపురం

తిరువొత్తియూరు

పూజ్యులైన అత్తమ్మకు లక్ష్మీప్రియ నమస్కారాలు.

నా అక్షరాలు కోడి గీతల్లా ఉంటాయి, తప్పులుంటే మన్నించండి. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. మీకు ఫోనులో మాట వినపడదు కదా, అందుకని రోజూ మనలికి పనికి వచ్చే మీ అబ్బాయి చేతికే ఈ కవరు ఇస్తున్నాను. ఆయన చదవకుండా అన్నం మెతుకులతో అంటించాను.

ఎండాకాలంలో మీరు ఇక్కడ కప్పలకు పెళ్లి చేసి వాన అడిగారు. వాన వచ్చింది, పోవడం లేదు. వీధి నీళ్లన్నీ పల్లంలో ఉన్న మన పెరట్లోకే దిగుతున్నాయి. ఉతుకుడు రాయి మునిగిపోయింది. పెరడు ఆరేదాకా నన్ను పుట్టింట్లో ఉండమంటున్నారు ఆయన. నాకు వెళ్లాలని లేదు. ఎందుకో రాయడానికి సిగ్గు. చదివి కాల్చేయండి.

మీ కోడలు
లక్ష్మీప్రియ

తా.క.: నిన్న ఆయన చెప్పు ఒకటి పెరట్లో తేలింది. దానిమీద పెళ్లికొడుకు కప్ప ఊరేగుతున్నాడు.

———

మనలి

చి.ల.సౌ. కోడలికి అత్త ఆశీస్సులు.

నీకెందుకు సిగ్గో నాకు తెలుసులేమ్మా. మీ అమ్మ వంటకు భయపడతా ఉండావు. మీ పెండ్లిలో ఆ సాంబారు నేనూ తిన్నా. దిగులు పడబాక. పెండ్లితో వచ్చిన వాన జంటను విడదీస్తే పోతాది. పెండ్లికూతురు కప్పను టిఫిన్ డబ్బాలో పెట్టి సతీష్‌తో పంపు. ఈడ నా కూతురు, మీ వదిన వైదేహి ఇంటెనక కుంటలో వదిలేస్తా.

మీ అత్త
గోవిందమ్మ

తా.క.: మూతకు బొక్కలు పెట్టు. వాడి అన్నం డబ్బా వేరేగా ఉండాల.

———

తిరువొత్తియూరు

అత్తమ్మకు నమస్కారాలు.

పెళ్లికూతురికి మీరు పూసిన పసుపు ఎప్పుడో కరిగిపోయింది. నన్ను చూసి తల తిప్పుకున్నదాన్నే పట్టి పంపాను. మధ్యాహ్నం ఆయన పెరుగన్నమనుకుని ఆ డబ్బానే తెరిచారట. క్యాంటీనులో అందరూ బల్లలెక్కారట. ఆయన నాతో మాట్లాడడం లేదు గానీ, నవ్వు ఆపుకోవడం కనబడుతోంది.

మర్నాడే వీధి కాలువలో అడ్డం తీశారు. పెరడు ఆరింది. నా ప్రయాణం ఆగింది. కానీ పెళ్లికొడుకు ఒక్కడే గొంతు పోయేలా అరుస్తుంటే నాకు అన్నం సహించలేదు. అతన్ని కూడా ఆయన చేత ఆ కుంటలోనే వదిలించాను. వదినకు తెలియకూడదు, ఇది కూడా కాల్చేయండి.

మీ కోడలు
లక్ష్మీప్రియ

తా.క.: ఈసారి డబ్బా మీద ‘పెళ్లికొడుకు’ అని రాశాను.

———

మనలి

కోడలికి,

నీ పెండ్లికొడుకు దిగిన సాయంత్రమే ఈడ వాన పట్టుకున్నాది. కుంట పెరట్లోకి, పెరడు వంటింట్లోకి వచ్చేసినాయి. ఉత్తరం కాలుద్దామంటే అగ్గిపెట్టె నానిపోయింది. తడిసిన ఉత్తరాన్ని ఆరేస్తే వైదేహి చదివేసింది. “ఏ ఇంట్లో పెండ్లయిందో ఆ ఇంటికే పోయి కాపురం చేసుకోవాల” అని బిందె పట్టుకొని కుంటలో దిగింది. రేపు నేను, అది, బిందె వస్తా ఉండాం.

నువ్వు పుట్టింటికి ఎందుకు పోనన్నావో నాకిప్పుడు తెలిసింది. ఒంటరి కప్ప అరుపుకే అన్నం సహించనిదానివి, మొగుణ్ణి ఇడిచి ఏడుంటావులే. మీ అమ్మ సాంబారు మీద అన్న మాట వాపసు తీసుకుంటా ఉండా. పెరడు సముద్రమైనా నిన్ను పంపొద్దని సతీష్‌కు చెప్తా. అందరం మంచాలెక్కి కూచుందాం.

మీ అత్త
గోవిందమ్మ

తా.క.: పెద్ద తొట్టి కడిగిపెట్టు. జంటకు సంతానం కలిగింది. తోకలింకా ఊడలా.