నాన్న దవడ పన్ను

సిగ్‌సిగ్, జూన్ 4

ప్రియమైన నా తల్లి జొయిలాకు,

నీ ఉత్తరం బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. ఇక్కడ వానలు తగ్గాయి, టోపీలల్లే గడ్డి బాగానే ఆరుతోంది. నాకే బాగాలేదు. ఎడమ వైపు దవడ పన్ను వారం రోజులుగా ప్రాణం తోడేస్తోంది. అల్లేటప్పుడు గడ్డిపోచను పళ్లతో పట్టి లాగితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. మీ అత్త దెల్ఫీనా "చెరకు సారా పుక్కిట పట్టరా, అదే పోతుంది" అంది. పట్టాను, మింగాను కూడా. ఓ గంట హాయిగా ఉంది. అయినా పట్నంలో పళ్ల డాక్టరు చదువు చదివే నువ్వుండగా అక్క వైద్యం నాకెందుకు? ఏం చేయాలో రాయి.

నీ నాన్న,
అబ్దోన్

కుయెంకా, జూన్ 9

నాన్నా,

సారా మానెయ్. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ పుక్కిలించు. పళ్ల సందుల్లో ఇరుక్కున్నది దారంతో తీసెయ్. లవంగ నూనె ఒక్క చుక్క దూదికి అద్ది పంటి మీద పెట్టు; చిగుళ్లకు తగలనీయకు, మింగకు. బుగ్గ మీద చల్లటి తడిగుడ్డ వెయ్యి. అత్త ఎంత చెప్పినా ఆస్పిరిన్ బిళ్ల చిగురు మీద పెట్టకు, కాలిపోతుంది. ఇవన్నీ నొప్పి తగ్గించేవే గాని పన్ను బాగుచేసేవి కావు. ఆరోగ్య కేంద్రంలో చూపించుకో.

ముద్దులతో,
జొయిలా

సిగ్‌సిగ్, జూన్ 17

బంగారు తల్లీ,

లవంగం పనిచేసింది. నాలుగు రోజులు సుఖంగా తిన్నాను. నువ్వు చెప్పావని ఆరోగ్య కేంద్రానికీ వెళ్లాను. డాక్టరు కుర్చీ చూపించి, "కూర్చోండి పెద్దాయనా, ఐదు నిమిషాల్లో తీసేస్తాను" అన్నాడు.

"వద్దులే బాబూ, మా అమ్మాయి ఆగస్టులో పళ్ల డాక్టరవుతోంది. ఈ పన్ను దాని కోసమే దాచాను" అన్నాను.

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నవ్వనీ. నిన్నటి నుంచి బుగ్గ వాచింది. నోరు సగమే తెరుచుకుంటోంది, కాస్త జ్వరం. ఆగస్టు ఎంతలో వస్తుంది?

నీ రాకకై చూస్తూ,
నాన్న

కుయెంకా, జూన్ 19

నాన్నా,

ముందు చెప్పులేసుకో, తర్వాత చదువు. చీము లోపలికి, గొంతు వైపు పాకుతోంది. ఇంట్లో చేసేదేమీ లేదు. ఇప్పుడే వెళ్లి తీయించుకో. నిన్ను తీసుకెళ్లమని డ్రైవరుకు చెప్పాను.

నా కోసం ఆగకు. నేను డాక్టరును కావడం లేదు. రెండేళ్ల క్రితమే చదువు మానేశాను. కాలేజీలో మొదటిసారి ఒకతని పన్ను తీయబోతే అతను నా మణికట్టు పట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత పట్టకారు ముట్టుకుంటే చేతులు వణికేవి. ఇక్కడ టోపీల కార్ఖానాలో ఉన్నాను. మన ఊళ్లో అల్లిన వాటికే ఆవిరి పట్టి ఆకారం తెస్తాను. గడ్డి ముట్టుకోకూడదనే నన్ను చదివించావు, ఎలా చెప్పను? వచ్చి నీ ముఖం చూసే ధైర్యం కూడా లేదు. తిట్టు, పన్ను తీయించుకున్నాక తిట్టు.

జొయిలా

సిగ్‌సిగ్, జూన్ 25

తల్లీ,

పన్ను పోయింది. డ్రైవరు నన్ను కుర్చీదాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. డాక్టరు చీము తీసి, "ఇంకో రెండు రోజులైతే ఊపిరాడేది కాదు. మీ అమ్మాయి ఏదండీ?" అన్నాడు. "అదే పంపింది" అన్నాను.

మూడు రోజులు నీ మీద కోపంతో ఎవరితోనూ మాట్లాడలేదు. మూతి వాచి ఉంది కదా, దెల్ఫీనా గమనించలేదు. నాలుగో రోజు ఆలోచించాను. పన్ను సలిపితే నేను నీకు రాసుకున్నాను. చేతులు వణికినప్పుడు నువ్వు నాకు రాయలేకపోయావు. రెండేళ్లు నీతో ఆ భయం మోయించిన తండ్రిని నేనేనా అని బాధగా ఉంది.

శనివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. కార్ఖానా ఏ వీధిలో ఉందో రాయి. నీ పక్కన కూర్చుని నువ్వు చేసే పని చూడాలి.

నిన్ను చూడాలని ఉన్న
నీ నాన్న