మా రాణికి నువ్వు పెట్టిన బొమికలు

గార్డెన్ రీచ్, కలకత్తా
12-4-1988

బామ్మర్ది సత్యారావుకి,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, ముందు నా తిట్లు చదువుకో.

అమ్మవారి పండక్కి వచ్చి, నేను వద్దంటున్నా వినకుండా వేటమాంసం బొమికలన్నీ మా కుక్క రాణికి పెట్టావు. “కుక్కకి బొమికలెట్టకపోతే ఇంకేటెడతావు బావా?” అని నన్నే వెక్కిరించావు. నువ్వు రైలెక్కాక నాలుగు రోజులు దానికి దొడ్డికి రాలేదు. వీపు వంచి ఒకటే ముక్కడం, మూలగడం. ఓడరేవు డాకుల్లో ముప్పై ఏళ్ళు బస్తాలు మోసినవాణ్ణి, అంత ముక్కుడు ఏ కూలీ దగ్గరా వినలేదు. మీ ఊళ్ళో దూడలకు పోస్తారని నువ్వు చెప్పిన మాట పట్టుకుని ఆముదం పోశాను. కక్కేసింది.

అయిదో రోజు బంద్. బస్సుల్లేవు. ఎన్ని బంద్‌లకు నేను జెండా పట్టుకుని తిరిగానో నీకు తెలుసు. ఆ రోజు మాత్రం కనపడిన ప్రతి జెండానూ తిట్టుకుంటూ, రాణిని భుజాన వేసుకుని ఏక్‌బాల్‌పూర్ దాకా నడిచాను. పశువుల డాక్టరు పొట్ట నొక్కి చూసి, “లోపల ఎముకలు సిమెంటులా గట్టిపడ్డాయి. ఇంకొక్క రోజయితే చచ్చేది. ఆముదం ఎవడు పొయ్యమన్నాడు దాదా?” అని అరిచాడు. నీ పేరే చెప్పాను. రెండుసార్లు ఎనిమా ఇచ్చాక గండం గడిచింది.

అసలు నా ఒళ్ళు మండింది నిన్న. ఎవరో నీలాగే చెప్పులు టపటపలాడిస్తూ మెట్లెక్కితే, నువ్వే అనుకుని ఆ సిగ్గులేనిది తోకాడిస్తూ తలుపు దగ్గరకు ఉరికింది. మోసుకెళ్ళింది నేను!

మిగతా అందరం క్షేమం. దాని కోసమైనా వచ్చే పండక్కి రా. బొమికలు మాత్రం నువ్వే నమిలి మింగు.

నీ బావ